స్కానర్ పీకేస్తే నోటీసు ఆగదన్నా!

నమస్తే. జీఎస్టీ నోటీసు వస్తుందన్న భయంతో యూపీఐ స్కానర్ పీకేసి "నగదు మాత్రమే" అని అట్టముక్క తగిలించిన అంగళ్లవాళ్లకు నేరుగా చెబుతున్నా: మీరు దాచిందేమీ లేదు, పోగొట్టుకున్నదే ఉంది!

2025 జులై బెంగళూరు గొడవ మీకు తెలిసిందే. యూపీఐ లెక్కలు చూసి చిన్న అంగళ్లకు జీఎస్టీ నోటీసులు ఇచ్చారు, పాలు, కూరగాయలు అమ్మేవాళ్లతో సహా. అప్పట్నుంచి మన తిరుపతిలోనూ ఒకటే టెన్షన్. స్కానర్ తీసేస్తే నిరుటి లెక్క బ్యాంకులోంచి చెరిగిపోతుందా? పోదు. సరే, నగదే తీసుకుని సేవింగ్స్ అకౌంటులో వేశారనుకోండి. ఏడాదిలో 10 లక్షలకు చేరితే బ్యాంకే ఆదాయ పన్ను శాఖకు చెబుతుంది. ఇంకా వినండి. లెక్కల పుస్తకాలు రాయని చిన్న వ్యాపారికి ఆదాయ పన్నులో అంచనా లాభం పద్ధతి ఉంది కదా, అందులో నగదు అమ్మకం మీద కనీసం 8 శాతం లాభం చూపాలి. యూపీఐలో వస్తే 6 శాతం చాలు. అసలు లాభం అంతకు మించితే అదే చూపాలనుకోండి. అంటే స్కానర్ ఉన్నవాళ్లకే చట్టం మేలు చేస్తోంది. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పరే!

నా మాట రాసి పెట్టుకోండి. అసలు దోషి కలగాపులగం అకౌంటు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక అంగడి అనుకోండి. స్టేట్‌మెంట్ తెరిస్తే 30, 50, 120... భక్తులు కుంకుమ, గాజులు కొన్నవి. మధ్యలో 50,000, అది చీటీ డబ్బు. దాని కింద బావమరిది తిరిగిచ్చిన చేబదులు. ఆ కింద హైదరాబాదు నుంచి కొడుకు పంపింది. ఏది ఏదో మీకు తెలుసు. అధికారికి ఎలా తెలుస్తుంది? అంతా అమ్మకమే అంటాడు. కాదని నిరూపించాల్సింది మీరు. బెంగళూరులో 2021-22 నుంచి లెక్కలు తవ్వారు, గుర్తుందా?

కుంకుమకు, మట్టిగాజులకు జీఎస్టీ లేదు. అవి మాత్రమే అమ్మితే రిజిస్ట్రేషనే అక్కర్లేదు. పక్కన ఇత్తడి విగ్రహాలు పెట్టారో, రిజిస్ట్రేషన్‌కు పెట్టిన ఏడాది అమ్మకం 40 లక్షల హద్దుకు కుంకుమ అమ్మకం కూడా లెక్కలోకి వస్తుంది. పన్ను మాత్రం విగ్రహాల మీదే. ఏది ఎంత అమ్మారో రాసి పెట్టుకోకపోతే మొత్తం మీద వేసినా అడ్డుకోలేరు. నాకు కడుపు మండేది ఇక్కడే!

వ్యాపారానికి విడిగా అకౌంటు ఈ వారమే తెరవండి. స్కానర్ దానికే కలపండి. రాత్రి షట్టర్ దించే ముందు పన్ను ఉన్న సరుకు ఎంత, లేనిది ఎంత అని నోటుబుక్కులో రెండు అంకెలు వేయండి. "బిల్లు లేకుంటే తగ్గిస్తా" అనే హోల్‌సేల్ కొట్టువాడి మాట వినొద్దు. మార్చి 31 రాత్రి సరుకు లెక్కపెట్టుకోండి. రిటర్ను వేసే ముందు ఆదాయ పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ చూసుకోండి, మీ పాన్ మీద ఏమేం ఎక్కాయో అందులో ఉంటుంది. ఆఖరి రోజు సంచీ నిండా కాగితాలతో ఆడిటర్ దగ్గరికి పరిగెత్తితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇప్పుడు చెప్పండి, మీ అంగట్లో స్కానర్ ఎవరి అకౌంటుకు కలిపి ఉంది? అంగడిదా, ఇంట్లోవాళ్లదా? కింద కామెంట్లో నిజం రాయండి.