బేతాళుడి రివ్యూ: మనకు చూపించని క్లైమాక్స్ ఒకటుంది

నమస్కారం అండీ. ఈసారి సినిమా రివ్యూ కాదు, డైరెక్ట్‌గా దెయ్యానికే రివ్యూ. మన బేతాళుడికి. చందమామ చదివిన ఇళ్ళలో ఈయనకి పరిచయం అక్కర్లేదు. భుజం మీద శవం, చేతిలో కత్తి, నోరు మెదపని రాజు, చుట్టూ శ్మశానం. ఆ బొమ్మలతో పేరు తెచ్చుకున్న శంకర్ గారు 2020లో పోయారు, కానీ విక్రమార్కుడు అనగానే ఇప్పటికీ మన కళ్ళ ముందు కదిలేది ఆయన గీసిన మనిషే.

నా మాట ముందే చెప్పేస్తా. ఈ కథలో విలన్ బేతాళుడు కాదు. కథ చివరిదాకా వెళ్తే ఆ సంగతి తెలుస్తుంది, కానీ మనలో చాలామందికి ఆ చివర చేతికందలేదు. అసలున్న కథలు పాతికే. చందమామ వాళ్ళు అవి అయిపోయాక కూడా ఆపకుండా కొత్తవి రాయించి, కింద బ్రాకెట్లో 'కల్పితం' అని వేసి దశాబ్దాల తరబడి నడిపించారు. రాజు జవాబు చెప్పడం, మౌనభంగం కావడం, శవం మళ్ళీ చెట్టెక్కడం, వచ్చే నెల మళ్ళీ అదే. అసలు ఈ రాజు శవాన్ని ఎవరి కోసం మోస్తున్నాడు, మోసుకెళ్ళి ఏం చేస్తాడు అని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా తల గోక్కునేవాళ్ళు.

సరే, అసలు కథకి వద్దాం. నేను రివ్యూకి తీసుకున్నది 11వ శతాబ్దంలో కాశ్మీర్‌లో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలోని వెర్షన్. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం, అంటే శాతవాహనులు ఏలిన ఊరు, ఇప్పటి మహారాష్ట్రలోని పైఠాన్. క్షాంతిశీలుడు అనే భిక్షువు రోజూ కొలువుకి వచ్చి రాజుకి ఒక పండు ఇచ్చి వెళ్తుంటాడు. అలా పదేళ్ళు. రాజు వాటిని పట్టించుకోకుండా కోశాధికారి చేతికి ఇచ్చేస్తుంటాడు. ఒకరోజు ఒక కోతి ఆ పండు కొరికితే లోపలి నుంచి రత్నం రాలి పడుతుంది. అప్పుడు కొట్టు తెరిపిస్తే పండ్లన్నీ కుళ్ళిపోయి, రత్నాలు మాత్రం కుప్పగా మిగిలి ఉంటాయి. పదేళ్ళు ఏమీ అడగకుండా ఇచ్చినవాడు ఇప్పుడు ఒక్క పని అడుగుతాడు. బహుళ చతుర్దశి రాత్రి మహాశ్మశానానికి రా, దక్షిణాన శింశుపా చెట్టుకి వేలాడుతున్న శవాన్ని తీసుకురా అని. భయపెట్టడం అంటే ఇదండీ. కెవ్వుమని కేకలుండవు, సౌండ్ ఎఫెక్ట్ ఉండదు, ఇంత ఓపిక పట్టిన మనిషికి ఏం కావాలా అని మనకే టెన్షన్ మొదలవుతుంది. అన్నట్టు, అశోకవనంలో సీతమ్మ కూర్చున్నది కూడా శింశుపా చెట్టు కిందే.

ఇక బేతాళుడి ఎంట్రీ. రాజు చెట్టెక్కి తాడు కోస్తాడు, శవం కింద పడి దెబ్బ తగిలినట్టు ఏడుస్తుంది. అయ్యో, ప్రాణం ఉందేమో అనుకుని రాజు జాలిపడి దిగి ఒళ్ళు నిమురుతాడు. అప్పుడు ఆ శవం పగలబడి నవ్వుతుంది. రాజు నోరు తెరిచి ఎందుకు నవ్వుతున్నావ్ అనగానే మళ్ళీ చెట్టు మీద ఉంటుంది. నాకు తెలిసిన దెయ్యాల ఎంట్రీలన్నిట్లో ఇది టాప్. ముందు జాలి పుట్టించి తర్వాత భయపెట్టడం మామూలు రచయిత చేయగలిగిన పని కాదు.

ఇతని బలం ఏమిటో చూడండి. కోరలతో పని లేదు, రక్తం తాగడు. 1870లో రిచర్డ్ బర్టన్ ఈ కథల్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్తూ టైటిల్‌లోనే 'వాంపైర్' అని పెట్టాడు, అది నాకు అస్సలు నచ్చలేదు, ఎందుకంటే అక్కడి వాంపైర్ చచ్చి లేచి రక్తం కోసం తిరిగేవాడు, మన బేతాళుడు వేరే ఎవరిదో శవంలో దూరి కూర్చుని కబుర్లు చెప్పే భూతం. ఇతని ఆయుధం ప్రశ్న ఒక్కటే. జవాబు తెలిసీ చెప్పకపోతే నీ తల పగులుతుంది, చెబితే నేను చెట్టెక్కుతాను. తెలివైనవాడికి మాత్రమే పనిచేసే ఉచ్చు ఇది. మూర్ఖుడైతే మొదటి ప్రశ్నకే తెల్లమొహం వేసి, శవాన్ని తిన్నగా మోసుకుపోయి, ఆ భిక్షువు చేతిలో చచ్చేవాడు.

ప్రశ్నలు కూడా మామూలువి కావు. మందారవతి అనే అమ్మాయిని ముగ్గురు ప్రేమిస్తారు, ఆమె చనిపోతుంది. ఒకడు ఆమె చితాభస్మం మీదే పడుకుంటాడు, ఒకడు ఎముకలు గంగకి తీసుకెళ్తాడు, మూడోవాడు దేశాలు తిరిగి బతికించే మంత్రం తెస్తాడు. బతికాక ఆమె ఎవరికి భార్య? ప్రాణం పోసినవాడు తండ్రి లెక్క, అస్థికలు గంగలో కలిపినవాడు కొడుకు లెక్క, బూడిదని వదలకుండా పడుకున్నవాడే భర్త అంటాడు రాజు. ఎంత బాగా తేల్చాడో!

అన్నీ ఇంత బాగుండవు, అదీ చెప్పాలి. ఒక చిలుక, ఒక గోరువంక మగవాళ్ళు చెడ్డవాళ్ళా ఆడవాళ్ళు చెడ్డవాళ్ళా అని వాదించుకునే కథ ఉంది, దానికి రాజు చెప్పే జవాబు 'ఆడవాళ్ళే' అని. అక్కడ నేను మార్కులు కోసేశాను. చందమామ కల్పిత కథల్లో ఈ గొడవ తక్కువ, పిల్లలకి నిశ్చింతగా ఇవ్వచ్చు, కానీ అక్కడ ఇంకో సమస్య. చాలావాటిలో ప్రశ్న వినగానే జవాబు తెలిసిపోతుంది, నీతి ముందే కనబడుతుంది, తల పగిలేంత బరువు ఉండదు. 1985లో దూరదర్శన్‌లో వచ్చిన సీరియల్ గురించి ఒక్క ముక్క: సజ్జన్ గారి బేతాళుడి నవ్వు కోసం ఒకట్రెండు ఎపిసోడ్లు చూడొచ్చు, అంతే.

ఇప్పుడు క్లైమాక్స్. స్పాయిలర్ అనకండి, వెయ్యేళ్ళయింది. చివరి కథలో ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలామె తల్లి అయ్యుంటుంది, ఆమెని తండ్రి చేసుకోవాలి, చిన్న పాదాలామెని కొడుకు చేసుకోవాలి అని ముందే మాట అనుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి. మాట ప్రకారమే పెళ్ళిళ్ళు అవుతాయి. వాళ్ళకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకి నిజంగానే తెలియదు, మాట్లాడకుండా నడుస్తాడు. తెలియకపోతే తల పగలదు కదా, బేతాళుడు ఇరుక్కుపోయాడు అనుకుంటాం. కానీ అతను సంతోషపడి గుట్టు విప్పుతాడు. ఆ భిక్షువు నిన్ను బలి ఇవ్వబోతున్నాడు, సాష్టాంగ నమస్కారం చెయ్యమంటాడు, నేను రాజుని, నాకు చేతకాదు, నువ్వు చేసి చూపించు అను, అతను వంగగానే నరికెయ్ అని చెబుతాడు. రాజు అలాగే చేస్తాడు.

అంటే రాత్రంతా జరిగింది ఏడిపించడం కాదు, ఇంటర్వ్యూ. ఈ రాజు కాపాడదగినవాడా కాదా అని భూతం పరీక్ష పెట్టింది, పదేళ్ళు పండ్లు తెచ్చిన సాధువేమో హంతకుడు. ఈ మలుపు తెలియకుండా బేతాళ కథలు చదవడం అంటే ఇంటర్వెల్ ముందు లేచి వచ్చేయడమే. పైగా చివర్లో ఒక వరం కూడా ఉంది, ఈ కథలు చెప్పుకునే చోట యక్షులకీ బేతాళులకీ బలం ఉండదట. భయపెట్టే కథే భయానికి తాయెత్తు కూడా కట్టి పంపిస్తోంది, ఆ ఐడియాకి దండం పెట్టాలి.

రేటింగ్: భూతంగా బేతాళుడికి పదికి తొమ్మిదిన్నర, సోమదేవుడి పాతిక కథలకి ఎనిమిది, కల్పిత కథలకి ఆరు, అందులో ఒకటి బొమ్మల కోసం. పదేళ్ళలోపు పిల్లలకి చందమామవే చదివి వినిపించండి, కాకపోతే ఆ చివరి సంగతి మీరు నోటితో చెప్పండి.

వెళ్ళేముందు ఒకటి. తలలు మారిన కథ ఉంది కదా, మదనసుందరి గుడిలో భర్త తలనీ అన్న తలనీ కంగారులో మార్చి అతికిస్తుంది, ఇద్దరూ లేచి కూర్చుంటారు. శరీరానికి తలే ప్రధానం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అంటాడు రాజు. నేను ఒప్పుకోను. తల భర్తదే, మిగతా ఒళ్ళంతా అన్నదైతే ఆవిడ కాపురం ఎలా చేస్తుందండీ? మీ జవాబు ఏమిటో కింద రాయండి, తెలిసీ రాయకపోతే ఏమవుతుందో మీకు తెలుసు.