పీకితే పెరిగే అనిమోన్: ఉప్పునీటి ఆక్వేరియంలో ఐప్టేషియా

అందరికీ నమస్కారం. ఉప్పునీటి ట్యాంకు పెట్టినవారిలో ఐప్టేషియా బారిన పడనివారు తక్కువ. రాతికి అంటుకుని పువ్వులా కనిపించే సముద్రపు జంతువును అనిమోన్ అంటారు, ఇది వాటిలో ఒకటి. గాజులాంటి గోధుమరంగు కాడ, పైన మొనదేరిన సన్నని స్పర్శకాలు, అంగుళమో రెండంగుళాలో ఎత్తు. మొదటిసారి చూసినవారు ట్యాంకులో పెట్టడానికి కొన్న రాయితోపాటు ఒక అనిమోన్ ఉచితంగా వచ్చిందని మురిసిపోతారు. కొన్ని నెలలు గడిచేసరికి పంపు గొట్టాల్లో, నీటిని వడగట్టే కింది తొట్టె అయిన సంపులో, పగడాల మొదళ్లలో అన్నిచోట్లా అదే కనిపిస్తుంది. పక్కనున్న పగడాలను కుడుతుంది, అవి ముడుచుకుపోతాయి.

చూడగానే ఎవరికైనా తోచేది పట్టకారుతో పట్టి పీకడం. దయచేసి ఆ పని చేయకండి. దీని పాదం నుంచి రాలిన చిన్న కణజాలపు తునక చాలు, కొద్ది రోజుల్లో నోరూ స్పర్శకాలూ ఉన్న కొత్త జీవి అవుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఇది రాతి మీద మెల్లగా జరుగుతూ అలాంటి తునకలను వదిలిపెడుతూనే ఉంటుంది. మనం బ్రష్షుతో గీకితే దాని పని మనం చేసిపెట్టినట్టే. చేలో తుంగ పీకిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంత మొండిది కాబట్టే శాస్త్రవేత్తలకు ఇదంటే ఇష్టం. పగడాల లోపల శైవలాలు ఎలా కాపురం చేస్తాయి, వేడికి ఎందుకు బయటికి పోతాయి అన్న ప్రశ్నలకు జవాబు వెతకడానికి ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు ఐప్టేషియానే పెంచుతున్నాయి. ఎక్కువమంది వాడే సీసీ7 అనే రకమంతా ఒకే ఒక్క జీవి నుంచి విడిపోతూ వచ్చిన సంతానం. దాని జన్యుక్రమం 2015లో అచ్చయింది. ఆ ప్రయోగశాలల నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. అక్కడ దాని ఒంట్లోని శైవలాలను కావాలనే తొలగించి, చీకట్లో ఉంచి, మన కోస్తా రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా పిల్లలనే మేపుతూ ఏళ్ల తరబడి బతికిస్తారు. కాబట్టి వారం పాటు దీపాలు ఆర్పితే చస్తుందన్న సలహాను పక్కన పెట్టండి. మేత దొరికినంత కాలం అది బతుకుతుంది. మీ ట్యాంకులో గుంపులు గుంపులుగా పెరుగుతోందంటే, ముందు చేపలకు వేసే మేత ఎంతో చూసుకోండి.

ఒకటో రెండో ఉన్నప్పుడు సున్నం బాగా పనిచేస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని కాసిని ఆర్ఓ నీళ్లతో చిక్కటి ముద్దగా కలిపి, మొద్దు సూది ఉన్న సిరంజిలోకి తీసుకోండి. పంపులన్నీ ఆపండి. సూదితో పొడవబోతే అది టక్కున రంధ్రంలోకి ముడుచుకుంటుంది. నోటి మీద నెమ్మదిగా జారవిడిస్తే మేతనుకుని తనంతట తానే మింగుతుంది. పావుగంట ఆగి పంపులు వేయండి. ఒక్క పూటలో ఇరవై ముప్పై చోట్ల పెడితే నీటి పీహెచ్ ఎగబాకి చేపలకే ముప్పు వస్తుంది, రోజుకు కొన్ని చాలు. కిళ్లీ సున్నం పనికిరాదా అని అడిగేవారుంటారు. పదార్థం అదే, కానీ అందులో ఇంకేం కలిసిందో మనకు తెలియదు. శుద్ధమైన పొడి కొనడమే మేలు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి.

ఇక్కడ ఒక హెచ్చరిక. విసిగిపోయి రాయిని తీసి వంటింట్లో మరిగించాలనుకునేవారున్నారు. ఆ రాతి మీద జోయాంథిడ్ జాతి పాలిప్‌లు (గుంపులుగా పెరిగే, పువ్వుల్లాంటి చిన్న జీవులు) ఉంటే వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఆవిరితోపాటు అది గాల్లోకి లేస్తుంది. విదేశాల్లో ఇలా రాళ్లు మరిగించిన ఇళ్లలో కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలయ్యాయి. ఒక అనిమోన్ కోసం ఇంటిల్లిపాదినీ ప్రమాదంలో పెట్టడం తెలివి కాదు.

పదుల సంఖ్య దాటితే సిరంజి చాలదు, దాన్ని తినే జీవి కావాలి. నా ఓటు బెర్గియాకు. రెండు సెంటీమీటర్లు అటూఇటూగా ఉండే, చిప్పలేని సముద్రపు నత్త ఇది. ఐప్టేషియా తప్ప మరొకటి తినదు. తిన్న అనిమోన్ కుట్టే కణాలను జీర్ణం చేసుకోకుండా వీపు మీది కుచ్చుల్లో దాచుకుని తన ఆయుధంగా వాడుకుంటుంది. దొంగ సొత్తుతో కాపలా! రాత్రిపూట పనిచేస్తుంది కాబట్టి వారాల తరబడి మీకు కనిపించకపోవచ్చు, కంగారు పడకండి. ట్యాంకులో నత్తలను తినే రాస్ చేపలుంటే మాత్రం ముందు బెర్గియానే మాయమవుతుంది. ఐప్టేషియా అయిపోయాక ఆకలితో చస్తుంది, అప్పటికి మరొకరికి ఇచ్చేయండి.

పెప్పర్‌మింట్ రొయ్య చవక, కానీ అన్ని రొయ్యలూ ఐప్టేషియాను తినవు. అదీగాక ఒంటె రొయ్యను ఆ పేరుతో అంటగట్టే దుకాణాలున్నాయి. ఒళ్లు దాదాపు పారదర్శకంగా ఉండి ఎర్రటి సన్నగీతలు పొడవునా సాగితే అది పెప్పర్‌మింట్. వీపు మీద గూని, ఎరుపు మధ్య తెల్లటి గీతలూ చుక్కలూ ఉంటే ఒంటె రొయ్య, అది మీ పగడాలనే తింటుంది. ఐప్టేషియాను తినే కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప చూడముచ్చటైనదే. అయితే వీటిలో చాలా చేపలు కొత్త ట్యాంకులో మేత ముట్టక చనిపోతాయి, పైగా దానికి నాలుగైదు వందల లీటర్ల నీరు కావాలి. తెగులు పోగొట్టడానికి చేపను బలిపెట్టడం నాకు నచ్చదు.

బుడిపెల్లాంటి చివరలున్న పొట్టి, ఆకుపచ్చ అనిమోన్ మరొకటి ఇలాగే బెడదవుతుంది, పేరు మజానో. దాన్ని బెర్గియా ముట్టదు. దానికి సున్నమే గతి.

లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న పగడపు రాయి) పేరుతో ఎవరో సముద్రంలోంచి తవ్వి తెచ్చింది చవకగా ఇస్తామంటే కొనకండి. గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఐప్టేషియాతోపాటు కేసు కూడా ఇంటికి వస్తుంది. జీవులేవీ లేని ఎండు రాయితో మొదలుపెట్టండి. కొత్తగా తెచ్చిన ప్రతి ముక్కనూ నాలుగైదు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచండి. ఆ తొట్టెలో ఒక్క చిటికెడు మేత వేసి, దీపాలు ఆర్పిన గంటకు టార్చి పట్టుకుని పగుళ్లన్నీ వెతకండి. మేత వాసనకు దాక్కున్నవి తల బయటపెడతాయి, సిరంజి పక్కనే ఉంచుకోండి.