పెంకును తిరగేసి చూడండి

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ చిన్న డబ్బాలో పళ్ల క్యాపుల మీద నుంచి ఊడిన పింగాణీ పెంకులున్నాయి. ఈ క్యాపుల్లో లోపల లోహం, దాని మీద పింగాణీ ఉంటాయి. పెంకు లేచి వస్తే మనం వెంటనే క్యాప్ వంక చూస్తాం. నేను మాత్రం పెంకును తిరగేసి, దాని వీపు చూస్తాను. టైటానియం మీద నుంచి వచ్చిన పెంకు వెనక చాలాసార్లు బూడిద రంగు పొర కనిపిస్తుంది. అది లోహం ఆక్సిజన్‌తో కలిసి కట్టుకున్న ఆక్సైడ్. అంటే పింగాణీ ఆక్సైడ్‌ను వదల్లేదు, ఆ ఆక్సైడే లోహాన్ని వదిలేసి వచ్చేసింది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ బూడిద పొర గురించే.

మిగతా లోహాలతో మన అలవాటు వేరు. బంగారం తనంతట తాను ఆక్సైడ్ కట్టదు. అందుకే పింగాణీ కోసం చేసే బంగారు మిశ్రమాల్లో కొద్దిగా తగరం, ఇండియం, ఇనుము లాంటివి కలుపుతారు. ఫర్నేస్‌లో అవి ఉపరితలానికి చేరి పల్చటి ఆక్సైడ్ కడితే, పింగాణీ దాన్ని పట్టుకుంటుంది. నికెల్-క్రోమియంలో ఆ పని క్రోమియం చూసుకుంటుంది. బంగారంతోనైతే ఆక్సైడ్‌ను మనం బతిమాలి తెచ్చుకోవాలి. టైటానియంతో ఆ అవసరమే లేదు. మామూలు గాలిలోనే, గీసిన మరుక్షణం కొన్ని నానోమీటర్ల పొర కట్టేసుకుంటుంది. నోట్లో అది తుప్పు పట్టకపోవడానికీ, ఎముక దాన్ని రానివ్వడానికీ ఆ పొరే కారణం. అదే లోహం 800 డిగ్రీలు దాటిందంటే పొర మందమవుతూ పోతుంది. మందమైన కొద్దీ గుల్లబారి, కింద లోహం మీద పట్టు కోల్పోతుంది. 882 డిగ్రీల దగ్గరైతే లోహపు స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. అంటే మనం ఇన్నాళ్లూ ఆక్సైడ్ ఎలా తెప్పించాలా అని ఆలోచించాం. ఇక్కడ దాన్ని ఎలా ఆపాలా అన్నదే టెన్షన్.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పని కొత్తలో ఒక టైటానియం కోపింగ్‌కి, అంటే క్యాప్ లోపలి లోహపు తొడుగుకి, రోజూ వాడే పింగాణీయే పెట్టి, నికెల్-క్రోమియం ప్రోగ్రాంలోనే ఫర్నేస్‌లోకి తోసేశాను. 900 దాటింది. బయటికి తీసినప్పుడు ముచ్చటగా ఉంది. చల్లారుతుంటే చిటచిటమని చప్పుడు మొదలైంది. కాసేపటికి పెంకులు పెంకులుగా రాలింది. ఈ డబ్బాలో మొదటి పెంకులు అవే.

అక్కడ నేను చేసినవి రెండు తప్పులు. వేడి సంగతి చెప్పాను. రెండోది వ్యాకోచం. మామూలు పింగాణీ ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 13 మైక్రోమీటర్లు సాగుతుంది, టైటానియం 9 దగ్గరే ఆగుతుంది. చల్లారేటప్పుడు పింగాణీ ఎక్కువ ముడుచుకోవాలనుకుంటుంది, లోహం ముడుచుకోదు. ఒకటి ఎడ్డెమంటే ఇంకొకటి తెడ్డెమంటుంది. పింగాణీ నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది కానీ, లాగితే పగులుతుంది. కాబట్టి లోహమే పింగాణీ కంటే ఓ పిసరు ఎక్కువ ముడుచుకోవాలి. అప్పుడు పింగాణీ నొక్కుడులో ఉండిపోతుంది.

చిత్రమేమిటంటే, 1962లో బంగారు మిశ్రమాల మీద పింగాణీ కాల్చే పద్ధతికి వైన్‌స్టీన్ తదితరుల పేటెంట్లు వచ్చినప్పుడు సమస్య సరిగ్గా దీనికి తలకిందులుగా ఉండేది. బంగారు మిశ్రమాలు ఎక్కువ సాగేవి, పింగాణీ తక్కువ సాగేది. ఎక్కువ సాగే ల్యూసైట్ అనే స్ఫటికం పాలు పెంచి పింగాణీ వ్యాకోచాన్ని లోహం దగ్గరికి తెచ్చారు. టైటానియం కోసం ఆ దారిలోనే వెనక్కి నడవాల్సి వచ్చింది. తక్కువ సాగే, 800 లోపే కాలే ప్రత్యేక పింగాణీలు అలా వచ్చాయి.

ఇక కాస్టింగ్, అంటే లోహాన్ని కరిగించి అచ్చులో పోయడం. టైటానియం కరగాలంటే 1668 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో ఆర్గాన్ వాయువు కింద పోసినా సరే, అచ్చులోని సిలికా నుంచి ఆక్సిజన్‌నూ సిలికాన్‌నూ లాగేసుకుంటుంది. పైన గట్టిగా, పెళుసుగా ఒక తోలు ఏర్పడుతుంది. దాన్ని ఆల్ఫా కేస్ అంటారు. పూర్తిగా తీసేయకుండా దాని మీద పింగాణీ వేస్తే పునాది లేని గోడే. దిమ్మె నుంచి మిల్లింగ్ చేస్తే, అంటే యంత్రంతో చెక్కితే, ఈ తలనొప్పి ఉండదు. నన్నడిగితే, మిల్లింగ్ అందుబాటులో ఉన్నప్పుడు కాస్టింగ్ జోలికి వెళ్లొద్దనే అంటాను.

గ్రైండింగ్ మీద మాత్రం కాసేపు ఆగాలి, ఎక్కువ కేసులు పోయేది అక్కడే. టైటానియం మెత్తగా అంటుకునే రకం, పైగా వేడిని త్వరగా బయటికి పంపదు. లోహాన్ని గీసే బర్‌ను నొక్కి పట్టి అటూ ఇటూ రుద్దితే లోహం మడతలు పడుతుంది, ఆ మడతల కింద గాలీ మురికీ ఇరుక్కుంటాయి. ఫర్నేస్‌లో అవే బుడగలై పైకొస్తాయి. పదునైన కార్బైడ్ బర్, తక్కువ వేగం, తేలిక చేయి, ఒకే దిశ. తర్వాత శాండ్‌బ్లాస్టింగ్, అంటే అల్యూమినా రేణువులను గాలితో లోహం మీదికి చిమ్మడం, ఒత్తిడి తక్కువగా. ఎక్కువ పెడితే రేణువులు లోహంలో గుచ్చుకుని ఉండిపోతాయి. ఆపైన లోహానికీ పింగాణీకీ మధ్య ఉండే బాండర్ పొర పల్చగా వేస్తాం. అది కరిగి గాజులా కప్పేసి, లోహానికి ఆక్సిజన్ అందకుండా కొంత కాపలా కాస్తుంది. ఆర్గాన్‌లో కాల్చడం, ముందే బంగారం లేదా సిలికాన్ నైట్రైడ్ పూత వేయడం కూడా ప్రయోగించి చూశారు. అన్నిటి ఉద్దేశం ఒక్కటే, ఆక్సైడ్‌ను ఆపడం.

ఐఎస్ఓ 9693 ప్రమాణం లోహానికీ పింగాణీకీ మధ్య బంధానికి కనీసం 25 మెగాపాస్కల్స్ అడుగుతుంది. జాగ్రత్తగా చేసిన టైటానియం ఆ గీత దాటుతుంది. కానీ పరీక్ష పట్టీ వేరు, ఉమ్మిలో నానుతూ రోజంతా నమిలే క్యాప్ వేరు. పైగా టైటానియం నికెల్-క్రోమియం కంటే సుమారు రెట్టింపు సులువుగా వంగుతుంది. వరసగా కొన్ని పళ్లను కలిపే పొడవాటి బ్రిడ్జ్‌లో లోపలి లోహపు ఫ్రేమ్ మందం పెంచకపోతే, బంధం బాగున్నా పింగాణీ పగులుతుంది.

డబ్బా బల్ల మీద పెడుతున్నాను, పక్కనే భూతద్దం ఉంది. రెండు పెంకుల వీపు తెల్లగా ఉంటుంది, గమనించండి. వాటిలో చీలిక పింగాణీ లోపలే వచ్చింది, లోహం మీద ఇంకా పింగాణీ మిగిలే ఉంది. ఆ రెండు కేసుల్లో నాకు బంధం మీద ఫిర్యాదు లేదు. ఫ్రేమ్ పల్చగా గీసింది నేనే.