కిరాయి ఇల్లు, చెమ్మ గోడ: ఇంజనీర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: దేవరకొండ నుంచి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. పైన మేముంటం, కింద కిరాయికిచ్చినం. మొన్న వాళ్ళు ఖాళీ చేస్తమంటే పోయి చూసిన. బెడ్రూం గోడ మొత్తం చెమ్మ, సున్నం పెచ్చులు పెచ్చులూడుతున్నది. మా చిన్నాయన మంచోళ్ళని జెప్తెనే ఇచ్చినం, ఆయన ఇప్పుడు ఫోనెత్తుతలేడు. అడ్వాన్స్‌ల పట్టుకోవచ్చునా సార్?

ఇంజనీర్: ఆ గోడకు సరిగ్గా పైన ఏముందమ్మా?

కాలర్: పైన... మా బాత్రూం.

ఇంజనీర్: అదీ సంగతి. ముందు ఫోటోలు తీయండి, తారీకు పడేటట్టు. కింద చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయండి. పైన బాత్రూం తూముకు గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్ళు ఒక రోజంతా నిలబెట్టండి. చెమ్మ గీత దాటితే ఫ్లోర్ కారుతున్నట్టు. దాటకపోతే పైపులు చూడాలె. రాత్రి నల్లాలన్నీ కట్టేసి ట్యాంకుల నీళ్ళెంతున్నయో చూసుకోండి, తెల్లారి తగ్గితే పైపే.

కాలర్: సరే సార్. అయితే అడ్వాన్స్‌ల ఎంత పట్టుకోవాలె?

ఇంజనీర్: అమ్మా, మీ బాత్రూం నీళ్ళకు వాళ్ళ పైసలు ఎట్ల పట్టుకుంటరు? వాళ్ళు టైల్స్ పగలగొడితే అడగండి. మామూలు వాడకంల అరిగిందానికి, పాతబడ్డదానికి అడిగేది లేదు. 1882 ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ చెప్పేది గదే.

కాలర్: మేస్త్రీ గోడకు పుట్టీ పెట్టి రంగేస్తా, పైసలన్నీ ముందే ఇయ్యమన్నడు.

ఇంజనీర్: ఇయ్యకండి! పుట్టీ కింద నీళ్ళు ఆగుతయా? మళ్ళ పెచ్చులే. టైల్స్ తీసి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ గోడకు అడుగెత్తు దాకా వేసి, మళ్ళ నీళ్ళు నిలబెట్టి చూసినంకనే టైల్స్ పెట్టనియ్యండి. పోయిన వానలకు ముందు చేసిన ఇల్లు చూపించమనండి, మొన్న చేసింది గాదు. ఆ ఇంటోళ్ళను అడగండి, మేస్త్రీని గాదు. సామాన్ మీరే కొనండి. కూలి పనైన కొద్దీ ఇయ్యండి.

కాలర్: రెండు వేలు ఇచ్చేసిన సార్.

ఇంజనీర్: ...పోనియ్యండి. మిగిలింది ఇయ్యకండి.

యాంకర్: థాంక్సమ్మా. మిర్యాలగూడ, తొందరగా చెప్పండి.

కాలర్: కిరాయిదారు సింకు పగలగొట్టిండు, పైసలియ్యనంటున్నడు. కరెంటు బంద్ చేయొచ్చునా?

ఇంజనీర్: అస్సలు చేయకండి, కేసు మీ మీదికే తిరుగుతది. ఇల్లిచ్చిన రోజు ఫోటోలున్నయా?

కాలర్: లేవు సార్.

ఇంజనీర్: అగ్రిమెంట్‌ల సింకు రాసిండ్రా?

కాలర్: పదకొండు నెలల అగ్రిమెంట్, రాయలేదు...

ఇంజనీర్: మరి ఏం చూపించి అడుగుతరు? సగం సగం మాట్లాడుకోండి.

యాంకర్: సార్, టైమయింది. షాద్‌నగర్ కాలర్, రేపు మళ్ళీ చేయండి.