ప్రార్థన చేసే పిచ్చర్ అక్టోబర్‌లో ఎందుకు ఓడాడు?

అందరికీ నమస్కారం. మన దగ్గర మ్యాచ్ గెలిచినవాడి ముందు మైక్ పెడితే వచ్చే మొదటి మాట, "అంతా దేవుడి దయ". సరే, బాగుంది. మరి ఓడిన రోజు ఆ దయ ఎటు పోయినట్టు? అవతలి టీమ్‌లోనూ దండం పెట్టుకుని గ్రౌండ్‌లో దిగినవాళ్లు ఉంటారు కదా!

ఈ ప్రశ్నకి నాకు నచ్చిన జవాబు బేస్‌బాల్‌లో దొరికింది. క్లేటన్ కెర్షా. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్. 2008 నుంచి 2025లో రిటైరయ్యేదాకా 18 సీజన్లు ఒకే జట్టుకి ఆడాడు. ఊరు డాలస్, అదే, మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్.

బేస్‌బాల్ చూడనివాళ్లకి ఒక్క ముక్క. పిచ్చర్ అంటే మన బౌలరే అనుకోండి. స్టార్టింగ్ పిచ్చర్ అయితే బాగా వేస్తున్నంతసేపూ అతనే వేస్తాడు, తర్వాత నాలుగైదు రోజులు రెస్ట్. జట్టు గెలుపోటములు కూడా ఎవరో ఒక పిచ్చర్ ఖాతాలో రాస్తారు. క్రికెట్‌లోలా పదకొండు మంది పంచుకునే ఓటమి కాదు, పేరు పెట్టి రాసే ఓటమి.

కెర్షా ఎడమచేతి వాటం. చేతులు రెండూ తలపైకి ఎత్తుతాడు, కుడి మోకాలు లేపుతాడు, కాలు దించుతూ దించుతూ ఒక్క క్షణం ఆగుతాడు. బ్యాటర్ టైమింగ్ పోయేది అక్కడే. తర్వాత వచ్చే కర్వ్‌బాల్, అంటే వంపు తిరిగే బంతి, కళ్ల ఎత్తులో మొదలై, మెట్టు తప్పినట్టు మోకాళ్ల దగ్గరికి పడిపోతుంది. అత్యుత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు మూడుసార్లు. 2014లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే ఎంవీపీ కూడా. ప్రత్యర్థికి తొమ్మిది ఇన్నింగ్స్‌కి (మామూలుగా ఒక మ్యాచ్ అంతే) సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే ఈఆర్ఏ కెరీర్ మొత్తానికి 2.53. ఎంత తక్కువైతే అంత గొప్ప. ఈ కాలంలో అది మామూలు అంకె కాదు.

కానీ అది రెగ్యులర్ సీజన్ లెక్క. ప్లేఆఫ్స్ జరిగే అక్టోబర్‌కి వస్తే అదే అంకె నాలుగున్నర దాటుతుంది.

2019 అక్టోబర్ 9 చూడండి. సొంత మైదానం, వాషింగ్టన్ నేషనల్స్‌తో ఐదు మ్యాచ్‌ల ప్లేఆఫ్ సిరీస్‌లో చివరిదైన ఐదో మ్యాచ్, ఓడినవాళ్లు ఇంటికే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 3-1తో ముందున్నారు. బంతి కెర్షా చేతిలో. ఆంథనీ రెండన్ హోమ్ రన్, మన సిక్సర్ లాంటిదే. ఆ వెంటనే, తర్వాతి బంతికే, హువాన్ సోటో ఇంకో హోమ్ రన్. రెండు బంతుల్లో స్కోరు సమం. పదో ఇన్నింగ్స్‌లో మ్యాచ్ చేజారింది. ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లో బెంచీ మీద ఒక్కడే తల వంచుకుని కూర్చున్న కెర్షాని కెమెరాలు వదల్లేదు. తర్వాత విలేకరుల ముందుకొచ్చి సాకులేమీ చెప్పలేదు, ప్లేఆఫ్స్‌లో తన గురించి జనం అంటున్నది నిజమేనని ఒప్పుకున్నాడు.

ఇతను దాపరికం లేని క్రైస్తవ విశ్వాసి. కెర్షా పేరుతో ఎక్కువగా వినిపించే బైబిల్ వాక్యం కొలొస్సయులు 3:23. ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసం అనుకుని మనసుపెట్టి చేయండి అని దాని సారం. గమనించారా, అందులో గెలుస్తావన్న హామీ ఎక్కడా లేదు! పని ఎలా చేయాలో మాత్రమే ఉంది. నాకు అర్థమైనంతలో కెర్షా విశ్వాసం స్కోర్‌బోర్డు మీద కాక ఇక్కడ ఆనుకుని ఉంది. అందుకే ఆ అక్టోబర్ దాన్ని కూల్చలేకపోయింది.

అలాగని మెతక మనిషి అనుకునేరు. తను పిచ్ చేసే రోజు ఎవరితోనూ కబుర్లుండేవి కావు, సొంత జట్టువాళ్లే పలకరించడానికి జంకేవారు. భక్తి ఉంటే పోటీ తత్వం తగ్గాలని రూలేం లేదు మరి.

నాకు బాగా నచ్చింది 2011 సంగతి. భార్య ఎలెన్‌కి పెళ్లికి ముందు నుంచే ఆఫ్రికాలోని జాంబియాతో అనుబంధం. పెళ్లయ్యాక కెర్షా కూడా వెళ్లాడు. ఆ దేశ రాజధాని లుసాకాలో అనాథ పిల్లల కోసం ఒక ఇల్లు కట్టాలని, ఆ సీజన్‌లో తను తీసే ప్రతి స్ట్రైకౌట్‌కి (బ్యాటర్ బంతిని ఆడలేక మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) 100 డాలర్లు ఇస్తానన్నాడు. ఆ ఏడాది తీసినవి 248, నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. బ్యాటర్‌ని నిలువునా ఓడించాలన్న కసే పిల్లల గోడకి ఇటుక అయింది. చెక్కు రాసిచ్చి ఫొటో దిగడం కంటే ఇది నాకు నిజాయితీగా అనిపిస్తుంది.

అన్నీ ఒప్పుకుంటానని కాదు. 2025 జూన్‌లో స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ల గౌరవార్థం డాడ్జర్స్ జరిపే ప్రైడ్ నైట్ రోజు, ఇంద్రధనుస్సు రంగుల లోగో ఉన్న టోపీ మీద ఆదికాండంలోని ఇంద్రధనుస్సు వచనాల నంబర్ రాసుకొచ్చాడు. చాలామంది నొచ్చుకున్నారు, మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. వేరేవాళ్ల పండగ రోజున అది అవసరమా అని నాకనిపించింది. నమ్మకం అతనిది, అభ్యంతరం నాది.

అక్టోబర్ కథ మాత్రం మారింది. 2020లో కరోనా వల్ల వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్ సిరీస్, మొత్తం ఆర్లింగ్టన్‌లో, అంటే డాలస్ పక్కనే జరిగింది. రెండు మ్యాచ్‌లు కెర్షా గెలిచాడు, కప్పు వచ్చింది. ఇక 2025, చివరి సీజన్. వరల్డ్ సిరీస్‌లో టొరంటోతో మూడో మ్యాచ్, స్కోరు సమమై అదనంగా సాగుతున్న 12వ ఇన్నింగ్స్, బేస్‌లన్నీ ప్రత్యర్థి రన్నర్లతో నిండి ఉన్నాయి. ఒక్క అవుట్ కావాలి. 37 ఏళ్ల కెర్షాని పిలిచారు. టొరంటో బ్యాటర్ నేథన్ లూక్స్ ఎనిమిది బంతులు ఆడించాడు, చూసేవాళ్లకే టెన్షన్. చివరికి నేల మీద మెల్లగా దొర్లిన బంతి, అవుట్. ఆ మ్యాచ్ 18 ఇన్నింగ్స్ సాగి, ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో డాడ్జర్స్‌దే అయింది. ఏడో మ్యాచ్ డబుల్ ప్లేతో, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుటవడంతో, ముగిసి కప్పు చేతికొచ్చేసరికి కెర్షా, పిచ్చర్లు సిద్ధమయ్యే బుల్‌పెన్‌లో ఇంకా వార్మప్ చేస్తున్నాడు. ఆ డబుల్ ప్లే పడకపోయుంటే తర్వాతి బ్యాటర్‌కి బంతి అతనికే ఇచ్చేవారేమో!