ఆవగింజంత తల్లి, ఆమె మగపిల్లలు

అధ్యక్షులకు, ఈ వానలో మారతహళ్లి ట్రాఫిక్కును ఈదుకుంటూ మల్లేశ్వరం దాకా వచ్చిన తెలుగువారందరికీ నమస్కారం. నాకిచ్చిన అరగంటలో నన్ను పరిచయం చేయడానికే పది నిమిషాలు పోయాయి కనుక నేరుగా డాఫ్నియా దగ్గరికి వస్తాను.

రొయ్యకూ పీతకూ దూరపు చుట్టమైన ఈ చెరువు ప్రాణిని మనం చేపపిల్లల మేతగా మాత్రమే ఎరుగుదుం. మేత సమృద్ధిగా ఉన్నంతకాలం తల్లి మగతోడు లేకుండానే గుడ్లు పెట్టి కూతుళ్లనే కంటుంది. పగలు కురచయినా, గుంపు పెరిగినా, తిండి తరిగినా అదే తల్లి కొడుకులను కంటుంది. ఆ కొడుకు జన్యువుల్లో తల్లికి అచ్చమైన నకలు; మనలాగా ఎక్స్, వై క్రోమోజోముల లెక్క అక్కడ సాధారణంగా ఉండదు.

తల్లి కుబుసం విడిచిన కాసేపటికే గుడ్లు వీపు కిందనున్న పిల్లల అరలోకి జారుతాయి. అప్పటికే తీర్పు జరిగిపోయి ఉంటుంది. గుడ్డు ఇంకా స్త్రీబీజకోశంలో ఉండగానే తల్లి దేహంలోని మిథైల్ ఫార్నెసోయేట్ అనే హార్మోను దానికి మగదారి చూపుతుందని 2002లో తేలింది. ఆ పిండంలో డబుల్‌సెక్స్ జన్యువు మేల్కొంటుందనీ, దాన్ని అణిచివేస్తే మగపిండంలో ఆడలక్షణాలు వస్తాయనీ జపాన్ పరిశోధకులు 2011లో చూపారు. పైకి మాత్రం ఏ తేడా తెలియదు: ఆడపిండం, మగపిండం రెండింటిలోనూ కాళ్ల మొలకలు లేస్తాయి, రెండు కంటిచుక్కలు దగ్గరికి జరిగి ఒకే కన్నవుతాయి, గుండె కొట్టుకుంటుంది. 20 డిగ్రీల నీటిలో సుమారు మూడు రోజులకు పిల్ల బయటపడినప్పుడు ముక్కు కింద చూడాలి. మొదటి జత స్పర్శశృంగాలు, అంటే తడిమి తెలుసుకునే మీసాలు, ఆడదానికి ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి, మగదానికి పొడుగ్గా ముందుకు సాగి ఉంటాయి.

డిగ్రీ రెండో ఏట నా ప్రయోగాల రికార్డులో నేను ఆ పొడుగు శృంగాలనే గీశాను. పరీక్షకు వచ్చినాయన బొమ్మ మీద ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, "పిల్ల డాఫ్నియా, కొలత తప్పు" అని రాశారు. పుస్తకంలో ఆడదాని బొమ్మ ఒక్కటే ఉండేది మరి! మార్కులు పోయినందుకు కాదు, ఆయన ఒక్కసారైనా వంగి సూక్ష్మదర్శినిలో చూడనందుకు నాకు ఇప్పటికీ కోపం.

మళ్లీ ఆ రికార్డు దగ్గరే ఆగాను, మన్నించండి. నిజానికి చెప్పవలసినది దోమల మందు సంగతి. దోమపిల్లల మీద వాడే పైరిప్రాక్సిఫెన్ ఈ హార్మోనులాగే పనిచేస్తుంది. ఆ మందు తగినంత కలిసిన నీటిలో తల్లి, కడుపునిండా మేత ఉన్నా, మగపిల్లలనే కంటుంది. కొడుకులు అక్కరలేదని కాదు. వాళ్లతో జతకట్టాక పుట్టే గట్టి గుడ్లే ఎండిన చెరువు బురదలో తరువాతి నీటికోసం కాచుకుంటాయి. కానీ కాలం కాని కాలంలో కూతుళ్లు ఆగిపోతే గుంపు పెరిగేదెలా? మన పేటలో చెరువుకు మందు కొట్టే రోజు మీరెవరైనా ఈ ప్రశ్న అడిగారా?

ముందు వరుసలోని పిల్లలూ, లేచి రండి. ఆ బల్ల మీది గాజుపలకపై, మా ఇంటి సీసాలో నిన్న పుట్టినవి రెండున్నాయి. ఏది మగదో నేను చెప్పను. ముక్కు కింద చూడండి.