డొమైన్ల బేరం, పక్కన నాలుగు వ్యాపారాలు: ఈ పద్ధతి నడుస్తుందా? | రివ్యూ

నమస్తే అండి. ఒక పక్క డొమైన్ పేర్లు, అంటే డాట్ కామ్ లాంటి వెబ్‌సైట్ చిరునామాలు, కొని అమ్ముతూ, ఇంకో పక్క ఏడాదికో కొత్త వ్యాపారం మొదలుపెట్టే వాళ్లు ఇంటర్నెట్‌లో చాలామంది తగులుతుంటారు. ప్రొఫైల్‌లో రాసుకుంటారు కదా, డొమైన్ ఇన్వెస్టర్, ఈ-కామర్స్ ఫౌండర్, యాప్ మేకర్, కన్సల్టెంట్, అన్నీ ఒకే వరుసలో. ఆ పద్ధతినే ఇవాళ రివ్యూకి తీసుకున్నాను. ఈ పనులన్నీ ఒకే మనిషి, ఒకే జేబుతో చేస్తే ఏమవుతుందో చూద్దాం.

తీర్పు కోసం మిమ్మల్ని చివరిదాకా కూర్చోబెట్టను. పక్క ఆదాయంగా డొమైన్లు పర్వాలేదు. ఓపికుంటే వ్యాపారం పెట్టడం ఇంకా మంచిది. కానీ "మంచి పేరు దొరికింది, దీని మీద ఏదో ఒక వ్యాపారం పెట్టేద్దాం" అనుకున్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం కదా, డొమైనర్ల, అంటే ఈ పేర్ల బేరం చేసేవాళ్ల, ఖాతాల్లో అలాంటి సోమలింగాలు వందల్లో ఉంటారు. పైగా ఒక్కొక్కరికీ ఏటా ఫీజు కట్టాలి.

ఆ ఫీజు నుంచే మొదలుపెడదాం. డాట్ కామ్ రిజిస్ట్రీని, అంటే ఆ పేర్లన్నిటి మూల జాబితాని, నడిపేది వెరిసైన్ అనే కంపెనీ. అది రిజిస్ట్రార్ల దగ్గర, అంటే మనకి పేర్లు అమ్మే సంస్థల దగ్గర, తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబర్‌లో పేరుకి ఏడాదికి 10.26 డాలర్లకు పెరిగింది. దాని మీద డొమైన్ వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ ఫీజు కొన్ని సెంట్లు, ఆపైన రిజిస్ట్రార్ లాభం. బాగా చవగ్గా ఇచ్చే చోట కూడా రెన్యువల్ పదకొండు డాలర్ల చిల్లర పడుతుంది. మొదటి ఏడాది డిస్కౌంట్ చూసి లెక్క వేయకండి, మనల్ని తినేది రెండో ఏడాది ధర.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. మీ దగ్గర 300 డాట్ కామ్ పేర్లున్నాయి, రెన్యువల్ సగటున పదకొండున్నర డాలర్లు. ఏటా 3,450 డాలర్లు బయటికి పోతాయి. పోర్ట్‌ఫోలియోలో ఏడాదికి ఒకటి, రెండు శాతం పేర్లు అమ్ముడుపోతే మామూలు అని ఈ రంగంలో వాళ్లు అంటుంటారు. ఒక శాతమే వేసుకుందాం, మూడు పేర్లు. ఒక్కోటి 2,000 డాలర్లకు పోయిందనుకుంటే 6,000. మార్కెట్‌ప్లేస్ కమీషన్ 15 శాతం తీసేస్తే 5,100. రెన్యువల్ పోను చేతికి 1,650. ఏడాదంతా ఎదురుచూస్తే వచ్చింది ఇదీ. ఇక ఆ ఏడాది మూడు బదులు రెండే అమ్ముడయ్యాయనుకోండి, మిగతాదంతా అలాగే ఉంచి లెక్క వేయండి. 4,000లో కమీషన్ పోతే 3,400, రెన్యువల్ 3,450. యాభై డాలర్లు నష్టం. ఒక్క సేల్ తప్పితే లాభం మొత్తం ఎగిరిపోయింది. ఆ పేర్లు కొనడానికి మొదట పెట్టిన డబ్బు ఇందులో కలపనే లేదు.

డొమైన్లను డిజిటల్ స్థలాలని చెప్పి అమ్ముతుంటారు. నాకు ఆ పోలిక ఎప్పుడూ నచ్చదు. స్థలం కొంటే మీదవుతుంది. డొమైన్ మీది కాదు, కట్టినంత కాలం వాడుకునే హక్కే మీది. ఒకేసారి పదేళ్లకు మించి కట్టనివ్వరు కూడా. కట్టడం మానేస్తే ఏమవుతుందో చాలామందికి సరిగా తెలియదు. డాట్ కామ్ గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి గరిష్ఠంగా 45 రోజుల దాకా మామూలు ధరకే వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. దాన్ని నమ్ముకోకండి, ఈలోపే వేలానికి పెట్టే రిజిస్ట్రార్లున్నారు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్, ఇందులో తిరిగి కావాలంటే వాత పెట్టే ఫీజు. చివరి 5 రోజులు పెండింగ్ డిలీట్, అప్పుడిక ఎవరూ ఏమీ చేయలేరు. పేరు బయటపడే క్షణానికి, వదిలేసిన పేర్లను సాఫ్ట్‌వేర్‌తో పట్టేసే డ్రాప్ క్యాచింగ్ సంస్థలు ముందే కాచుకుని ఉంటాయి. కాస్త విలువున్న పేరైతే మామూలు మనిషి చేత్తో టైప్ చేసి పట్టుకోవడం జరిగే పని కాదు.

ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. ఇది ఒక మామూలు డొమైనర్ రెన్యువల్ షీట్ ఎలా ఉంటుందో చూపించడానికి నేను తయారు చేసిన నమూనా. పై వరుసల్లో రెండు పదాలు కలిపిన డాట్ కామ్‌లు, రెండూ రోజూ వాడే మాటలే. ఒక క్లినిక్కో, సాఫ్ట్‌వేర్ కంపెనీయో రేపు పెట్టుకోగలిగే పేర్లు. పక్కన ‘ఎంక్వైరీలు’ అనే కాలమ్ ఉంది, వీటిలో కొన్నిటికి రెండు, మూడు ఉన్నాయి. కిందకి వస్తే వరసగా మెటావర్స్ (ఇంటర్నెట్‌లోని వర్చువల్ ప్రపంచం) పేర్లు. 2021 అక్టోబర్ 28న ఫేస్‌బుక్ కంపెనీ పేరు మెటా అని మార్చింది కదా, ఆ వారంలో ఈ మాటతో పేర్లు కొనడానికి జనం ఎగబడ్డారు. ఇవి ఆ బాపతే. ఎంక్వైరీల కాలమ్ మొత్తం ఖాళీ. ఇంకా కిందకి వెళ్తే ‘ఏజెంట్’ అనే మాట తగిలించినవి, ఇప్పటి మోజు. ఇందులో ఏవి నిలుస్తాయో చెప్పను కానీ, ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం ఏరిపారేయొచ్చు: ఈ పేరు కొనాల్సిన కంపెనీలు ఇవాళ కనీసం పది పేరుపెట్టి చెప్పగలరా? చెప్పలేకపోతే అది డొమైనర్లు ఒకరికొకరు అమ్ముకునే సరుకు.

ఇంకో కాలమ్ చూడండి, ‘ప్రాజెక్ట్’ అని. చాలా వరుసల్లో "తర్వాత డెవలప్ చేయాలి" అని ఉంది. ఈ ఒక్క మాట ఎంత ఖరీదైనదో! అమ్ముడుపోదని తెలిసిన పేరుని వదులుకోలేక పక్కన రాసుకునే సాకు అది. అలా రాసిన పేరుకి వెంటనే లోగో గీయించి, హోస్టింగ్ తీసుకుని, ఒక పేజీ పెట్టేస్తారు. పదకొండు డాలర్ల ఖర్చు కాస్తా అయిదొందలు అవుతుంది. కస్టమర్ మాత్రం ఒక్కడూ ఉండడు.

పేరు మీద వ్యాపారం కడితే నిలవదా అంటే, నిలిచిన ఉదాహరణ నాకు బాగా ఇష్టమైంది ఒకటుంది. మైక్రోస్ట్రాటజీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకప్పుడు మామూలు ఇంగ్లీషు మాటల డాట్ కామ్‌లు కొన్ని సంపాదించి పెట్టుకుంది. అవి వేరే రోజులు. 1995 దాకా రిజిస్ట్రేషన్‌కి ఫీజే లేదు, ఆ ఏడాదే రెండేళ్లకు 100 డాలర్లు పెట్టారు. వాళ్ల పేర్లలో అలారం డాట్ కామ్ ఒకటి, ఏంజెల్ డాట్ కామ్ ఒకటి, వాయిస్ డాట్ కామ్ ఒకటి. మొదటి రెండిటి మీదా వ్యాపారాలు కట్టారు. అలారం డాట్ కామ్ ఇళ్ల భద్రతా వ్యవస్థలను ఇంటర్నెట్‌కి కలిపే కంపెనీ అయింది. దాన్ని 2009లో సుమారు 2 కోట్ల 77 లక్షల డాలర్లకు అమ్మేశారు. 2015లో అది స్టాక్ మార్కెట్లో లిస్ట్ కూడా అయింది. ఫోన్ కాల్స్‌కి ఆటోమేటిక్‌గా జవాబిచ్చే సేవగా నడిపిన ఏంజెల్ డాట్ కామ్‌ని 2013లో 11 కోట్ల డాలర్లకు అమ్మారు.

మూడోది వాయిస్. దాన్ని ఏళ్లకేళ్లు అట్టేపెట్టి 2019లో బ్లాక్ డాట్ వన్ అనే కంపెనీకి 3 కోట్ల డాలర్లకు, అదీ నగదుకి ఇచ్చేశారు. కొన్నవాళ్లు దాని మీద ఒక సోషల్ నెట్‌వర్క్ కట్టారు. అది కొంతకాలం నడిచి, ఎన్‌ఎఫ్‌టీల (బ్లాక్‌చెయిన్ మీద కొని అమ్మే డిజిటల్ వస్తువుల) వైపు తిరిగి, చివరికి మూతపడింది. ఇక్కడ కాస్త ఆగుదాం. ఒకే సంస్థ చేతిలోని మూడు పేర్లివి. అలారం, ఏంజెల్ వెనుక టీమ్‌లు పెట్టి ఏళ్ల తరబడి ప్రాడక్ట్ చేశారు, అందుకే వాటికి ఆ ధర వచ్చింది. వాయిస్ అమ్మినవాళ్లకు మాత్రం పేరుకి పేరుగానే డబ్బు వచ్చింది. కొన్నవాళ్లకు మూడు కోట్ల డాలర్ల పేరు ఒక్క యూజర్‌ని కూడా కట్టిపడేయలేకపోయింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే చాట్ డాట్ కామ్. మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ హబ్‌స్పాట్ సహ వ్యవస్థాపకుడు ధర్మేశ్ షా 2023లో దాన్ని కోటీ 55 లక్షల డాలర్లు పెట్టి కొన్నారు. ఏఐ వేడి మీదుంది, చేతిలో డబ్బుంది, పేరు అంతకన్నా గొప్పది ఉండదు. చాలామంది అయితే మర్నాడే చాట్‌బాట్ కంపెనీ పెట్టేవాళ్లు. ఆయన దాన్ని అమ్మేశారు, అది ఓపెన్ఏఐ చేతికి వెళ్లింది. 2024 నవంబర్ నుంచి ఆ పేరు కొడితే చాట్‌జీపీటీ తెరుచుకుంటోంది. ఆయన అసలు వ్యాపారం వేరే ఉంది, దాన్ని కదిలించలేదు. ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్న క్రమశిక్షణ అదే.

మనలాంటి చిన్న స్థాయిలో రెండు పనులూ ఎక్కడ కొట్టుకుంటాయో చూద్దాం. డొమైన్ ఎంక్వైరీ ఎలా వస్తుందో తెలుసా? ఒకే లైన్. "ఈ పేరు అమ్మకానికి ఉందా?" అంతే. కంపెనీ పేరుండదు, ఫోన్ నంబరుండదు, ఏదో ఉచిత ఈమెయిల్ ఐడీ నుంచి వస్తుంది. వెనకున్నది పెద్ద కంపెనీ మనిషి కావచ్చు, ఊరికే అడిగే కుర్రాడూ కావచ్చు. ఆ రోజు మీ ఈ-కామర్స్ సైట్‌లో పేమెంట్ గేట్‌వే ఆగిపోయి, కస్టమర్లు రీఫండ్ అడుగుతున్నారనుకోండి, ఆ మెయిల్‌కి మీరు నాలుగు రోజుల తర్వాత జవాబిస్తారు. అప్పటికి అతను ఇంకో పేరు కొనేసుకుంటాడు. ఏడాదికి మూడే సేల్స్ ఉన్న లెక్కలో ఒక సేల్ అలా పోయిందంటే ఏమైందో ఇందాకే చూశాం.

దీనికి విరుగుడు సింపుల్. పేర్లన్నిటికీ ‘ఇప్పుడే కొనండి’ ధర పెట్టేయండి, నేమ్ సర్వర్లు, అంటే పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే సెట్టింగ్, మార్కెట్‌ప్లేస్ ల్యాండింగ్ పేజీకి తిప్పేయండి. రేటు చెప్పకుండా ఆఫర్ పెట్టమనే పద్ధతి ఎక్కువ ధర తెస్తుంది కానీ దానికి బేరమాడే మనిషి కావాలి. వేరే వ్యాపారం నడిపేవాడికి ఆ తీరిక లేదు. అయిదారు బాగా విలువైన పేర్లకే ఆ బేరం ఉంచుకోండి. నెలవారీ వాయిదాల్లో అమ్మే సదుపాయం కూడా వాడండి, కొత్త వెంచర్‌కి నెలనెలా వచ్చే డబ్బు ఒకేసారి వచ్చేదానికన్నా అక్కరకొస్తుంది. డబ్బు మాత్రం ఎస్క్రో ద్వారానే, అంటే పేరు చేతులు మారేదాకా డబ్బు దాచి ఉంచే మధ్యవర్తి ద్వారానే. కొనేవాడు ఎస్క్రోలో జమ చేశాడని వాళ్ల సైట్‌లోకి మీరే లాగిన్ అయి చూసుకున్నాకే పేరు బదిలీకి కావాల్సిన ఆథ్ కోడ్ ఇవ్వండి. మెయిల్‌లో వచ్చిన "పేమెంట్ అందింది" అనే మాట నమ్మకండి, దొంగ మెయిల్స్ అచ్చం అలాగే ఉంటాయి.

పార్కింగ్ ఆదాయం, అంటే ఖాళీగా ఉన్న పేరు మీద ప్రకటనలు పెడితే వచ్చే డబ్బు, గురించి ఎక్కువ చెప్పను. జనం బ్రౌజర్‌లో నేరుగా పేరు టైప్ చేసే రోజుల్లో ప్రకటనల డబ్బుతోనే రెన్యువల్స్ గట్టెక్కేవి. ఇప్పుడు దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయొద్దు.

ట్రేడ్‌మార్క్ విషయం మాత్రం వదలకూడదు, ఎందుకంటే రెండు పడవల మీదున్న వాళ్లకి ఇది రెండు వైపులా తగులుతుంది. 1999 నుంచి డొమైన్ పేర్ల మీద ట్రేడ్‌మార్క్ తగాదాలు తీర్చే యూడీఆర్పీ అనే విధానం ఉంది. ఫిర్యాదుదారు మూడు విషయాలు నిరూపించాలి: పేరు తన మార్కును పోలి గందరగోళపరిచేలా ఉందని, మీకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి వాడుతున్నారని. ఆ తగాదాలు చూసే వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒకే ప్యానెలిస్టుతో అయిదు పేర్ల వరకు ఫిర్యాదు ఫీజు 1,500 డాలర్లు. ఓడితే జరిమానా ఉండదు కానీ పేరు పోతుంది. అమెరికా కోర్టుకెళ్తే కథ వేరు, అక్కడి చట్టం ఒక్కో పేరుకి 1,000 నుంచి లక్ష డాలర్ల దాకా పరిహారం వేయనిస్తుంది. ప్రసిద్ధ బ్రాండ్ మాట కలిసిన పేరు మీ షీట్‌లో ఉంటే ఈ రాత్రికే తీసేయండి. అలాగే మీ కొత్త వెంచర్‌కి షీట్‌లోంచి పేరు తీసి పెట్టేటప్పుడు కూడా ట్రేడ్‌మార్క్ వెతకండి. డొమైన్ మీ దగ్గరుంటే బ్రాండ్ మీదైపోదు.

డాట్ ఏఐ సంగతి కూడా రెండు ముక్కలు. అది నిజానికి అంగ్విల్లా అనే చిన్న దీవి కోడ్. రెండేళ్లకు తక్కువ రిజిస్టర్ చేయనివ్వరు, ఖర్చు డాట్ కామ్‌కి ఎన్నో రెట్లు. అమ్మకాలు జరుగుతున్న మాట నిజమే. కానీ ఇందాకటి లెక్కలో పదకొండున్నర తీసేసి ఈ ధర పెట్టి చూడండి, 300 కాదు, 30 పేర్లే బరువనిపిస్తాయి.

ఎన్ని వెంచర్లు పెట్టొచ్చు అంటే, ఫ్రాంక్ షిల్లింగ్ ఏం చేశారో చూడండి. పెద్ద డొమైన్ ఇన్వెస్టర్, 2012లో యూనిరిజిస్ట్రీ పెట్టారు. రిజిస్ట్రార్, మార్కెట్‌ప్లేస్, కొత్త ఎక్స్‌టెన్షన్లు (డాట్ కామ్ లాంటి చివరి ముక్కలు), అన్నీ తనకు తెలిసిన పనే. 2020లో గోడాడీ అనే పెద్ద రిజిస్ట్రార్ అందులోని రిజిస్ట్రార్, మార్కెట్‌ప్లేస్ వ్యాపారాలు కొనేసింది. వెంచర్లు చాలానే, కానీ అన్నిటికీ కస్టమర్ ఒకడే. ఇవాళ సప్లిమెంట్లు, రేపు ట్రావెల్ యాప్, ఎల్లుండి కోచింగ్ అంటే ప్రతిసారీ కస్టమర్‌ని మొదటి నుంచి వెతుక్కోవాలి.

కాబట్టి నా రేటింగ్: డొమైన్లు ఒక్కటే అయితే అయిదుకి మూడు, డొమైన్లతో పాటు ఒక్క వ్యాపారం అయితే మూడున్నర, డొమైన్లతో పాటు నాలుగు రకాల వెంచర్లయితే ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఓపికకి వేశాను.

వీడియో ఆపాక ఒక పని చేయండి. వచ్చే 90 రోజుల్లో గడువు తీరే పేర్లు వడపోసి, వెంచర్ల ఖాతా కాకుండా డొమైన్ల ఖాతాలో ఉన్న డబ్బుతో ఎన్నిటికి కట్టగలరో చూడండి. అన్నిటికీ చాలకపోతే ఎంక్వైరీ ఒక్కటీ రానివాటికి ఆటో రెన్యూ తీసేయండి. మీ సొంత సైటూ, ఈమెయిలూ నడుస్తున్న పేరుకి మాత్రం పొరపాటున తీసేయకండి, షీట్‌లో దానికి వేరే రంగు వేసుకోండి. కొనేవాళ్లకి మనమే ముందుగా మెయిల్ ఎలా రాయాలో వచ్చే వీడియోలో చూద్దాం. ఉంటానండి.